మందుల పరిశోధనకు ఆన్‌లైన్ కొనుగోళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాబులో కొత్తగా చేరిన రీసెర్చ్ స్కాలర్లు, పర్చేజ్ సెక్షన్‌లో పనిచేసేవాళ్లు, సొంతంగా చిన్న బయోటెక్ కంపెనీ పెడదామనుకునేవాళ్లు మాటిమాటికీ అడిగే ప్రశ్నలివి. జవాబుల్లో చరిత్ర పాలు కొంచెం ఎక్కువే. ఇవాళ్టి పోర్టల్లో ఫలానా గడి ఎందుకుందో, ఫలానా సంతకం ఎందుకు తప్పదో అర్థం కావాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాల్సిందే.

ప్రొక్యూర్‌మెంట్ ప్లాట్‌ఫాం అంటే ఏమిటి? ఇంటికి సరుకులు ఆర్డర్ పెట్టినట్టేనా?

తెర మీద చూస్తే అలాగే ఉంటుంది. వెతకడం, కార్ట్‌లో వేయడం, ఆర్డర్ నొక్కడం. తేడా అంతా ఆ వెనక జరిగేదాంట్లో ఉంది. ఇంట్లో అయితే అడిగేదీ, డబ్బు కట్టేదీ, వాడేదీ ఒకే మనిషి. ల్యాబులో అడిగేది స్కాలర్, సరేననేది గైడ్, కొనేది పర్చేజ్, దించుకునేది స్టోర్స్, డబ్బిచ్చేది అకౌంట్స్, ఏడాది తిరిగాక వచ్చి ప్రశ్నలు వేసేది ఆడిటర్. వీళ్లందరి మధ్యా తిరిగే కాగితాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేదే ప్రొక్యూర్‌మెంట్ ప్లాట్‌ఫాం.

ఆ పేరుతో పిలిచేవన్నీ ఒక రకానివి కావు. సప్లయర్ సొంత వెబ్‌సైట్ ఒకటి. పదుల కొద్దీ కంపెనీల సరుకు ఒకేచోట చూపించే మార్కెట్ ఇంకొకటి. కంపెనీ లోపల ఇండెంట్ (ఫలానాది కావాలని రాసిచ్చే కాగితం) దగ్గర్నుంచి బిల్లు దాకా నడిపే సాఫ్ట్‌వేర్ వేరు. సర్కారు పోర్టల్ మళ్లీ వేరు. వీటిని కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం.

ఇవేవీ లేనప్పుడు ల్యాబులు ఎలా కొనేవి?

కేటలాగ్ పుస్తకాలతో. సిగ్మా, ఆల్డ్రిచ్, ఫిషర్ లాంటి కంపెనీలు దిండు మందాన ఉండే కేటలాగులు పంపేవి. ఆల్డ్రిచ్ కేటలాగ్‌ని కెమిస్టులు ధర కోసం తెరిచింది తక్కువ. ద్రవీభవన స్థానం, సాంద్రత, నిర్మాణం బొమ్మ అన్నీ అందులోనే ఉండటంతో అది బెంచి మీద డేటా పుస్తకంలా పడి ఉండేది. సిగ్మా, ఆల్డ్రిచ్ 1975లో ఒకటయ్యాయి. ఆ కంపెనీని 2015లో జర్మనీకి చెందిన మెర్క్ 1,700 కోట్ల డాలర్లకు కొనేసింది. ఇప్పుడు చాలా ల్యాబుల్లో ముందుగా తెరుచుకునే సైటు దానిదే.

మన ల్యాబుల్లో పద్ధతి ఇది: ఇండెంట్ రాయాలి, హెడ్ సంతకం పెట్టించాలి, 'స్టాకులో లేదు' అని స్టోర్స్‌లో స్టాంపు వేయించుకోవాలి. మూడు కొటేషన్లు తెప్పించాలి. వాటిని పక్కపక్కన పెట్టి కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారు చేయాలి. ఆ తర్వాత పర్చేజ్ ఆర్డర్. సరుకు విదేశాల నుంచి రావాలంటే నెలలు పట్టేది. ఈలోగా ఆ రియేజెంట్, అంటే ప్రయోగానికి వాడే రసాయనం, పక్క ల్యాబులో ఉందేమోనని చిన్న సీసా పట్టుకుని తిరగడం ప్రతి స్కాలర్‌కీ తెలిసిన పనే.

ఈ మెట్లలో ఒక్కటీ ఇప్పటికీ పోలేదు. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి, అంతే.

ప్రతి సైటూ క్యాస్ నంబర్ అడుగుతుంది. పేరు రాస్తే సరిపోదా?

సరిపోదు. ఒకే రసాయనానికి పది పేర్లుంటాయి, అమెరికాలో ఒకటి, యూరప్‌లో ఒకటి, కంపెనీ కోడ్ ఇంకొకటి. ఒహాయోలోని కొలంబస్‌లో ఉన్న కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ సర్వీస్ (పొట్టిగా క్యాస్) 1965లో ఒక్కో పదార్థానికి ఒక్కో నంబరు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడా జాబితాలో 20 కోట్లకు పైగా పదార్థాలున్నాయి. ఆన్‌లైన్ కొనుగోళ్లకు నిజమైన పునాది ఇంటర్నెట్ కంటే ముందొచ్చిన ఈ నంబరే అంటాను. అది లేకపోతే రెండు కంపెనీల కేటలాగుల్ని కలిపి వెతకడం కుదిరేదే కాదు.

నంబరులో తప్పు దొర్లితే పట్టుకునే ఏర్పాటు అందులోనే ఉంది. పారాసెటమాల్ నంబరు 103-90-2 తీసుకోండి. చివరి అంకెను పక్కన పెట్టి, మిగతావాటిని కుడి నుంచి ఎడమకు వరసగా 1, 2, 3, 4, 5తో గుణించండి: 0, 18, 9, 0, 5. మొత్తం 32. అందులో చివరి అంకె 2, నంబరు చివర ఉన్నదీ 2. కుదరకపోతే ఎవరో టైపింగ్‌లో తప్పు చేసినట్టు.

రెండు జాగ్రత్తలు. లవణానికీ మూల పదార్థానికీ నంబర్లు వేరు. మెట్‌ఫార్మిన్ 657-24-9, మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్ 1115-70-4. ఒకటి అనుకుని ఇంకొకటి తెప్పిస్తే మీ డోసు లెక్క మొత్తం మారిపోతుంది. రెండోది, ఎక్సెల్‌లో ఇండెంట్లు తయారుచేసే వాళ్ల కోసం: మధ్య భాగం 12 లోపు ఉన్న కొన్ని నంబర్లను ఎక్సెల్ తేదీ అనుకుని మార్చేస్తుంది. ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టుకోండి.

మొదట్లో వచ్చిన ఆన్‌లైన్ మార్కెట్లు ఏమయ్యాయి?

ఈ రంగంలో అన్నిటికంటే చెప్పుకోదగ్గ కథ ఇదే. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో 1997లో కెమ్‌డెక్స్ అనే కంపెనీ పుట్టింది. ఎంజైములు, యాంటీబాడీలు, రియేజెంట్లు అమ్మే కంపెనీలన్నిటినీ ఒకే సైటులోకి తెచ్చి, పరిశోధకుడు అక్కడే పోల్చి చూసి కొనుక్కునేలా చేయాలన్నది ఆలోచన. 1999 జులైలో షేర్ మార్కెట్లోకి వచ్చింది. 2000 ఫిబ్రవరిలో వెంట్రో అని పేరు మార్చుకుంది, ఆ రోజుల్లోనే షేరు 240 డాలర్లు దాటింది. అదే ఏడాది డిసెంబరులో కెమ్‌డెక్స్ మార్కెట్‌ను మూసేస్తున్నట్టు ప్రకటించింది. అప్పటికి షేరు విలువ ఒకటి రెండు డాలర్లు.

డాట్‌కామ్ బుడగ పగిలింది కాబట్టి పోయింది అనేస్తే తేలిక. అసలు కారణం వ్యాపారంలోనే ఉంది. పెద్ద ఫార్మా కంపెనీలకు పెద్ద సప్లయర్లతో అప్పటికే రేట్ కాంట్రాక్టులున్నాయి. మధ్యలో ఇంకొకడికి కమీషన్ ఎందుకివ్వాలి? సప్లయర్లకేమో తమ సరుకు పక్కవాడి సరుకుతో ధర దగ్గర పోటీ పడటం ఇష్టం లేదు. వాళ్లు సొంత సైట్లు కట్టుకున్నారు. ఇక కొనే కంపెనీలకు కావలసింది చవకైన ఎంజైమ్ కాదు, తమ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడగలిగే ఆర్డర్. ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఆ పని చేసిపెట్టడానికి అయ్యే ఖర్చు, మిగిలే లాభాన్ని మింగేసింది.

నార్త్ కరోలినాలో 1995లో మొదలైన సైక్వెస్ట్ కూడా మొదట అదే దారిలో నడిచింది, 1999 నవంబరులో అదీ షేర్ మార్కెట్‌కు వెళ్లింది. కానీ అది దారి మార్చింది. దుకాణం పెట్టడం మానేసి, యూనివర్సిటీలకూ కంపెనీలకూ కొనుగోళ్లు నడిపే సాఫ్ట్‌వేర్ అమ్మడం మీద పడింది. 2004లో ప్రైవేట్ చేతుల్లోకి, 2010లో మళ్లీ మార్కెట్లోకి, 2016లో మళ్లీ ప్రైవేట్‌కు వెళ్లి, 2017లో జాగర్ అని పేరు మార్చుకుని ఇవాళ్టికీ బతికే ఉంది.

సరుకు అమ్మి బతుకుదామనుకున్నది పోయింది, కాగితం బరువు మోస్తానన్నది నిలబడింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్లాట్‌ఫాంనూ నేను ఈ కొలతతోనే చూస్తాను.

పంచ్‌అవుట్ అంటే ఏమిటి?

మీ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉండగానే సప్లయర్ సైటులోకి వెళ్లి, కార్ట్ నింపుకుని, ఆ కార్ట్‌తో సహా వెనక్కి రావడం. అక్కడ కనిపించేది మీ కంపెనీకి ఒప్పుకున్న ధర, బయటివాళ్లకు చూపే ధర కాదు. 1996లో మొదలైన అరిబా కంపెనీ 1999లో తెచ్చిన సీఎక్స్‌ఎంఎల్, అంటే రెండు కంపెనీల సాఫ్ట్‌వేర్లు ఆర్డర్లు మార్చుకునే ఉమ్మడి పద్ధతి, దీనికి దారి వేసింది. అరిబాను 2012లో సాఫ్ట్‌వేర్ కంపెనీ శాప్ 430 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. మార్కెట్ కట్టినవాళ్లకు దక్కని విలువ, రెండు కంప్యూటర్లను మాట్లాడించిన వాళ్లకు దక్కిందన్నమాట.

పరిశోధననే ఆన్‌లైన్లో కొనొచ్చని విన్నాను. ఎలా?

నిజమే. ఎలుకల మీద ఒక పరీక్ష, ఒక ప్రొటీన్ తయారీ, ఒక అణువు సంశ్లేషణ లాంటి పనుల్ని బయటి ల్యాబుకు ఇస్తారు. శాన్ డియేగోలో 2007లో మొదలైన అస్సే డిపో, ఇప్పటి సైంటిస్ట్ డాట్ కామ్, ఇలాంటి సేవలకు మార్కెట్ పెట్టింది. 2011లో పాలో ఆల్టోలో ఎలిజబెత్ అయోన్స్, ఇంకొందరు కలిసి సైన్స్ ఎక్స్ఛేంజ్ పెట్టారు.

వీటి అసలు బలం వెతకడంలో లేదు, ఒప్పందంలో ఉంది. కొత్త ల్యాబుకు 5 లక్షల రూపాయల పని ఇవ్వాలన్నా గోప్యత, మేధో హక్కులు, బాధ్యత, చెల్లింపు షరతుల మీద రెండు వైపులా లాయర్లు కూర్చోవాలి. పనికంటే ఒప్పందానికే ఎక్కువ కాలం పట్టిన సందర్భాలు ఈ రంగంలో ఎవర్నడిగినా చెబుతారు. ప్లాట్‌ఫాం ఒకేసారి అందరితో ఒకే మూల ఒప్పందం చేసుకుని ఉంచుతుంది. ఇక్కడా కాగితమే.

ఇందులోంచి ఊహించని ప్రయోజనం ఒకటి బయటపడింది. క్యాన్సర్ పరిశోధనల్లో పేరుపడ్డ ఫలితాలు మళ్లీ వస్తాయా అని పరీక్షించే ప్రాజెక్టుకు సైన్స్ ఎక్స్ఛేంజ్ ల్యాబులే పని చేశాయి. 53 పేపర్ల నుంచి 193 ప్రయోగాలు చేయాలనుకున్నారు. 2021 డిసెంబరులో ఫలితాలు ప్రకటించేనాటికి 23 పేపర్లలోని 50 ప్రయోగాలే పూర్తయ్యాయి. పేపర్లలో పద్ధతి సరిగ్గా రాసి లేకపోవడం ఒక పెద్ద అడ్డంకి. ఏ కంపెనీ, ఏ కేటలాగ్ నంబరు, ఏ లాట్ (ఒకేసారి తయారైన బ్యాచ్) అన్నది రాయడం ఎందుకో జూనియర్లకు చెప్పాల్సి వస్తే ఈ ఉదాహరణ చూపించండి.

జీనోమ్ వ్యాలీ ఉన్న హైదరాబాద్‌లో ఈ ప్లాట్‌ఫాంలను రెండు వైపుల నుంచీ చూడాలి. ఇక్కడి కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీలు కొనేవాళ్లే కాదు, అమ్మేవాళ్లు కూడా.

ఇంకా తయారే కాని అణువును కేటలాగ్‌లో ఎలా పెడతారు?

కొత్త మందు వెతికేవాళ్లకు మొదట కావలసింది పరీక్షించడానికి బోలెడన్ని అణువులు. 2005లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాన్ ఫ్రాన్సిస్కో పరిశోధకులు జింక్ అనే ఉచిత డేటాబేస్ పెట్టారు. మార్కెట్లో కొనగలిగే అణువుల్ని కంప్యూటర్లో పరీక్షించుకునేలా సిద్ధం చేసి అందులో ఉంచారు. ఆ తర్వాత కీవ్‌లో 1991 నుంచి ఉన్న ఎనమీన్ కంపెనీ రియల్ పేరుతో ఇంకో అడుగు వేసింది. తమ దగ్గర స్టాకులో ఉన్న చిన్న అణువుల ముక్కల్ని, బాగా నలిగిన రసాయన చర్యలతో కలిపితే ఏయే అణువులు వస్తాయో కంప్యూటర్‌తో లెక్కగట్టి, వాటిని కేటలాగ్‌గా పెట్టింది. మీరు ఆర్డర్ ఇచ్చాకే తయారుచేస్తారు. ఇప్పుడా లెక్క వందల కోట్లు దాటింది. ఎంచుకున్నవాటిలో అన్నీ రావు, కొన్ని తయారీలోనే విఫలమవుతాయి.

దీంతో ఏం ఒరిగిందంటే, 2019లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూడండి. 17 కోట్ల ఇలాంటి అణువుల్ని కంప్యూటర్లో జల్లెడ పట్టారు. డోపమైన్ డీ4 రిసెప్టర్ అనే ప్రొటీన్ కోసం 549 అణువుల్ని తయారు చేయించి పరీక్షించారు. అందులో ఒకటి 180 పికోమోలార్ స్థాయిలో, అంటే అతి తక్కువ గాఢతలోనే, పనిచేసింది. ఇంత బలమైన అణువు ఆ ఆర్డర్ పెట్టకముందు ఎవరి అలమారాలోనూ లేదు.

2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైనప్పుడు కీవ్‌లో ఆ పని కొన్ని వారాలు ఆగింది. ఒక్కచోట నుంచే తెప్పించుకునే అలవాటున్న ల్యాబులకు అప్పుడు బాగానే టెన్షన్ పట్టుకుంది.

సైటులో చూపిందే సీసాలో ఉందని నమ్మొచ్చా?

గుడ్డిగా నమ్మకండి. బోసుటినిబ్ సంగతి వినండి. ఒక రకం రక్త క్యాన్సర్‌కు ఫైజర్ తెచ్చిన మందు, 2012లో అమెరికాలో అనుమతి పొందింది. పరిశోధన కోసం దీన్ని చాలా కంపెనీలు ఆన్‌లైన్లో అమ్మేవి. అదే 2012లో బయటపడిందేమిటంటే, వాటిలో కొన్ని కంపెనీలు అమ్ముతున్నది బోసుటినిబ్ కాదు, దాని ఐసోమర్, అంటే అవే పరమాణువులు వేరేగా అమరిన పదార్థం. ఒక రింగు మీద క్లోరిన్లు, మెథాక్సీ గుంపు ఉండాల్సిన చోట్లలో లేవు. అసలుది 2,4-డైక్లోరో-5-మెథాక్సీ అయితే, వచ్చింది 3,5-డైక్లోరో-4-మెథాక్సీ.

ఎవరూ ఎందుకు పట్టుకోలేదు? ఫార్ములా ఒకటే, అణుభారం ఒకటే. అణువు బరువు చూసే మాస్ స్పెక్ట్రమ్‌లో సరిగ్గా అదే సంఖ్య వస్తుంది. స్వచ్ఛత పరీక్షలో 99 శాతం చూపిస్తుంది, ఎందుకంటే అది నిజంగానే స్వచ్ఛమైన తప్పు పదార్థం. పైగా ఆ ఐసోమర్ కూడా అదే ప్రొటీన్‌కు అతుక్కుంటుంది, కాబట్టి ప్రయోగంలో ఏదో ఒక ఫలితం కనిపిస్తుంది. జాగ్రత్తగా తీసిన ఎన్‌ఎంఆర్ (అణువులో ఏది ఎక్కడుందో చూపే పరీక్ష), క్రిస్టల్ నిర్మాణం లాంటివి చూస్తేనే గుట్టు బయటపడుతుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అసలునూ ఐసోమర్‌నూ పక్కపక్కన పెట్టి చూపించారు. ఫైజర్ సొంత మందుకూ, రోగులకూ దీనితో సంబంధం లేదు. కానీ ఆ సీసాలు వాడి రాసిన పేపర్ల సంగతి?

డిజిటల్ కేటలాగ్ ఇక్కడ తప్పును ఆపలేదు, పైపెచ్చు పెంచింది. అమ్మేవాళ్లలో చాలామంది తయారుచేసేవాళ్లు కారు. ఎక్కడో ఒకచోట తయారైనదాన్ని పది లేబుళ్లతో అమ్ముతారు. తెర మీద పది మంది సప్లయర్లు కనిపిస్తే పది వేర్వేరు మూలాలున్నాయనుకోవడం పొరపాటు.

కాబట్టి చేయాల్సింది: నాణ్యత పరీక్షల సాధారణ నమూనా సర్టిఫికెట్ కాదు, మీకొచ్చిన లాట్ నంబరు సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకోండి. ముఖ్యమైన పదార్థమైతే సొంతంగా ఎన్‌ఎంఆర్ తీయండి. అసలు తయారీదారు ఎవరని రాతపూర్వకంగా అడగండి, చెప్పనంటే అదీ ఒక సమాధానమే. లాట్ నంబరు నోట్‌బుక్‌లో రాయండి.

సర్కారు ల్యాబులు జెమ్ నుంచే కొనాలా?

చాలాకాలం అదే పరిస్థితి. గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్, అంటే జెమ్, 2016 ఆగస్టు 9న మొదలైంది. 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోని 149వ నియమం, అక్కడ దొరికేవాటిని కేంద్ర శాఖలు అక్కడే కొనాలంది. కుర్చీలు, ప్రింటర్లు, ఏసీలకు ఈ పద్ధతి బాగానే పనిచేసింది. అంతకు ముందు ఒక్కో ఆఫీసు ఒక్కో ధరకు కొనేది. మన దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టి, టెండర్ బాక్సు చుట్టూ జరిగే బెదిరింపులకు, కుమ్మక్కులకు అడ్డుకట్ట వేయాలని చూసింది. ఆ లక్ష్యం మంచిదే, ఇప్పటికీ అవసరమే.

ఇబ్బంది ఎక్కడంటే, రియేజెంట్ కుర్చీ కాదు. తక్కువ ధర చెప్పినవాడికి, అంటే ఎల్1కు, ఆర్డర్ ఇవ్వాలన్న పద్ధతిలో స్పెసిఫికేషన్ కాగితం మీద సరిపోతే చాలు. కానీ ఒక ప్రయోగం సగం ఒక కంపెనీ యాంటీబాడీతో చేసి, మిగతా సగం ఇంకో కంపెనీదానితో చేస్తే రెండు భాగాలనూ పోల్చలేం. ఫలానా కంపెనీదే కావాలంటే, అది వాళ్ల దగ్గరే దొరుకుతుందని ప్రొప్రైటరీ సర్టిఫికెట్ రాయాలి, జెమ్‌లో దొరకలేదని రిపోర్టు తీసి జతచేయాలి, వాటి మీద ఆడిట్‌లో ప్రశ్నలొస్తే జవాబు చెప్పుకోవాలి. దీనికి తోడు 2020లో, 200 కోట్ల రూపాయల లోపు కొనుగోళ్లకు గ్లోబల్ టెండర్లు పిలవకూడదన్న నియమం వచ్చింది. మినహాయింపు కావాలంటే ఫైలు ఢిల్లీలో పైదాకా వెళ్లాలి. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు.

2025 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ నియమాలు సడలించింది. శాస్త్ర పరిశోధన శాఖల కింది సంస్థలు, విశ్వవిద్యాలయాల్లో పరిశోధన కోసం కొనే పరికరాలు, కన్స్యూమబుల్స్ (వాడితే అయిపోయే సరుకు)కు సంస్థ అధిపతి జెమ్ బయట కొనడానికి అనుమతించవచ్చు. కొటేషన్ లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకు పెరిగింది. పర్చేజ్ కమిటీ ద్వారా కొనే పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకు చేరింది. ఎంచుకున్న కొందరు సప్లయర్లనే పిలిచే పరిమిత టెండర్ హద్దు 50 లక్షల నుంచి కోటికి వెళ్లింది. 200 కోట్ల వరకు గ్లోబల్ టెండర్ అనుమతి డైరెక్టర్, వైస్ ఛాన్సలర్ స్థాయికి వచ్చింది.

నియమం మారినంత మాత్రాన మీ పర్చేజ్ సెక్షన్ వెంటనే మారదు. పాత ఫార్మాట్ అడిగితే విసుక్కోకుండా సర్క్యులర్ ప్రింట్ తీసి ఇండెంట్‌కు జతచేయండి. ఫైలు మీద నిర్ణయం తీసుకునే మనిషికి ధైర్యం ఇచ్చేది ఆ కాగితమే. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు రాష్ట్ర నియమాలు వేరుగా ఉంటాయి, చూసుకోండి.

దిగుమతి సుంకం సంగతి పోర్టల్ చూసుకుంటుందా?

కొన్ని లెక్క కట్టి చూపిస్తాయి. కానీ సుంకం రాత్రికి రాత్రే మారగలదు. 2024 జులై 23 బడ్జెట్‌లో ల్యాబ్ రసాయనాల కింద వచ్చే దిగుమతుల మీద సుంకాన్ని 10 శాతం నుంచి 150 శాతానికి పెంచారు. ఆ పేరుతో ఆల్కహాల్ దిగుమతి చేసుకునేవాళ్లను ఆపడం ఉద్దేశం. దెబ్బ మాత్రం ఎంజైముల కోసం ఎదురుచూస్తున్న ల్యాబుల మీద పడింది. గగ్గోలు రేగడంతో కొద్ది రోజుల్లోనే, సొంత వాడకానికే తెప్పిస్తున్నామని హామీ రాసిచ్చేవాళ్లకు మళ్లీ 10 శాతం చేశారు. అలా ఇంకో కాగితం చేరింది. మీ సంస్థ తరఫున ఆ హామీపత్రం ఎవరు సంతకం చేయాలో సరుకు ఎయిర్‌పోర్టులో దిగకముందే తేల్చుకోండి. కార్గోలో పడి ఉన్న ప్రతి రోజుకూ డెమరేజ్, అంటే ఆలస్య రుసుము, పడుతుంది.

అన్ని రసాయనాలూ క్లిక్‌తో వచ్చేస్తాయా?

రావు. అసిటిక్ ఎన్‌హైడ్రైడ్ ఆస్పిరిన్ తయారీకి వాడతారు, మార్ఫిన్‌ను హెరాయిన్‌గా మార్చడానికీ అదే వాడతారు. అందుకే నార్కోటిక్స్ చట్టం కింద 2013లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం దాన్ని నియంత్రిత పదార్థాల్లో పెట్టారు. నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో దగ్గర నమోదు, లెక్కలు చూపడం ఉంటాయి. ఎఫిడ్రిన్, సూడోఎఫిడ్రిన్, ఆంథ్రానిలిక్ యాసిడ్ కూడా ఆ జాబితాలోవే. ఆబ్‌సల్యూట్ ఆల్కహాల్‌కు ఎక్సైజ్ పర్మిట్ కావాలి. మంచి ప్లాట్‌ఫాం అయితే కార్ట్‌లో వేయగానే లైసెన్స్ నంబరు అడుగుతుంది. అడగలేదంటే నియమం లేదని కాదు.

ఆర్డర్ ట్రాకింగ్‌లో 'డెలివర్డ్' అని ఉంది, ఎంజైమ్ మాత్రం పాడైపోయింది. ఏం చేయాలి?

పెట్టె తెరిచే ముందే ఫొటో తీయండి. మైనస్ 20లో ఉంచాల్సిన సరుకు తరచుగా డ్రై ఐస్‌లో (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌లో) వస్తుంది. అది మైనస్ 78 డిగ్రీల దగ్గర నేరుగా ఆవిరైపోతుంది, కాబట్టి ఆలస్యమైతే పెట్టెలో ఐస్ ఏమీ మిగలదు. పెట్టెలో ఐస్ ఎంత మిగిలిందో, ఉష్ణోగ్రత సూచిక రంగు మారిందో లేదో అక్కడికక్కడే డెలివరీ రసీదు మీద రాయించండి. తర్వాత మెయిల్ రాస్తే 'మా దగ్గర్నుంచి బాగానే వెళ్లింది' అనే సమాధానం వస్తుంది.

సాధారణంగా తప్పు జరిగేది చివరి కిలోమీటర్లోనే. శనివారం మధ్యాహ్నం సెక్యూరిటీ గేటు దగ్గర సంతకం పెట్టి తీసుకుంటారు, సోమవారం స్టోర్స్ తెరిచేదాకా పెట్టె అక్కడే ఉంటుంది. తెర మీద అంతా పచ్చగా కనిపిస్తుంది. సంక్రాంతి, దసరా వారాల్లో కోల్డ్ చెయిన్ సరుకు, అంటే దారంతా చల్లగా ఉంచాల్సినది, రాకుండా ఆర్డర్ తేదీ చూసి పెట్టండి, గేటు దగ్గర ఉండే అన్నకు మీ ఫోన్ నంబరు ఇచ్చి ఉంచండి.

రీసెర్చ్ గ్రేడ్ పదార్థం క్లినికల్ ట్రయల్ మందులో వాడొచ్చా?

వాడకూడదు. 'పరిశోధనకు మాత్రమే' అని లేబుల్ మీద ఉన్నది మనుషులకు ఇచ్చేదాంట్లోకి వెళ్లకూడదు. అక్కడ జీఎంపీ (మందుల తయారీకి పెట్టిన నాణ్యతా నియమాలు) ప్రకారం తయారై, ఆడిట్ అయిన సప్లయర్ నుంచే రావాలి.

చిన్న స్టార్టప్‌కు ఇవన్నీ కొనాలా?

ఐదారుగురున్న చోట పెద్ద సాఫ్ట్‌వేర్ కొనడం అనవసరపు ఖర్చు. అందరూ చూడగలిగే ఒక షీటు చాలు: క్యాస్ నంబరు, కంపెనీ, కేటలాగ్ నంబరు, లాట్, వచ్చిన తేదీ, ఏ ఫ్రీజర్‌లో ఏ అర. ఇదొక్కటీ సరిగ్గా నడిస్తే అదే సీసా రెండోసారి కొనే నష్టం పోతుంది. ల్యాబుల స్టాకు, ఆర్డర్లు చూసుకునే క్వార్ట్‌జీ లాంటి సాధనాలు దాని తర్వాత. పర్చేజ్ ఆర్డర్, సరుకు అందిన రసీదు, ఇన్‌వాయిస్ మూడూ కలవడం లేదని అకౌంట్స్ నుంచి ఫిర్యాదులు మొదలయ్యాక అసలు ప్లాట్‌ఫాం గురించి ఆలోచించండి.

పరికరాల విషయంలో కొనే ముందు ఐ-స్టెమ్ పోర్టల్ చూడండి. 2020 జనవరిలో మొదలైన ఈ జాతీయ పోర్టల్లో ప్రభుత్వ నిధులతో కొన్న పరికరాలు ఎక్కడున్నాయో కనిపిస్తాయి, రుసుము కట్టి వాడుకోవచ్చు. ఏడాదికి నాలుగుసార్లు అవసరమయ్యే పరికరాన్ని సొంతంగా కొనడమెందుకు?

అంతా ఆన్‌లైన్ అయ్యాక లోకల్ డీలర్ ఎందుకు?

అర్జెంటుగా అర లీటరు సాల్వెంట్ కావాలంటే సాయంత్రంలోగా బండి మీద తెచ్చిచ్చేది ఆయనే. గ్రాంట్ డబ్బు మార్చి దాకా రాకపోతే అప్పిచ్చేదీ ఆయనే. ఆ అప్పుకూ హద్దుంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం చెబుతోంది. ఆ గడువు దాటి బాకీ ఉంచితే ఆ ఖర్చును చెల్లించిన ఏడాదిలోనే పన్ను లెక్కల్లో చూపుకోగలరని 2023 సవరణ తేల్చింది. కేవలం సరుకు తిరగ్గొట్టే ట్రేడర్లకు ఇది ఎంతవరకు వర్తిస్తుందో మీ ఆడిటర్‌ను అడిగి తెలుసుకోండి. ధర ఒక్కటే చూసి డీలర్లను దూరం చేసుకున్న ల్యాబులకు మొదటి అర్జెంటు పని పడ్డప్పుడు వాళ్ల విలువ తెలుస్తుంది.

ఏఐ వచ్చాక పర్చేజ్ ఉద్యోగాలు పోతాయా?

కొటేషన్లు పోల్చడం, కేటలాగ్‌లో ప్రత్యామ్నాయాలు వెతకడం, బిల్లులోని అంకెలు తీయడం యంత్రం బాగానే చేస్తుంది. ఆ పనే చేస్తూ కూర్చుంటే మాత్రం ఇబ్బందే. 'ఈ ప్రత్యామ్నాయం వాడితే ప్రయోగం చెడుతుందా' అన్న ప్రశ్నకు కెమిస్ట్రీ తెలిసిన పర్చేజ్ మనిషి కావాలి, అలాంటివాళ్లు ఇప్పటికే తక్కువ. బీఫార్మసీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి ల్యాబ్ బెంచి నచ్చనివాళ్లు ఈ దారి చూడొచ్చు. శాప్ కాస్త నేర్చుకుని, జీఎస్టీ, కస్టమ్స్ పదాలు తెలిసి, నిర్మాణం బొమ్మ చూసి లవణమో కాదో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మిగతావాళ్లకంటే ముందుంటారు.

నేను విద్యార్థిని. ఇంటి అడ్రసుకు రసాయనాలు తెప్పించుకోవచ్చా?

పేరున్న సప్లయర్లు ఇంటి అడ్రసుకు పంపరు. సంస్థ పేరు, జీఎస్టీ నంబరు, వాడకం వివరం అడుగుతారు. కాలేజీ ల్యాబు ద్వారానే వెళ్లండి. ఎవరైనా ఇవేమీ అడక్కుండా పంపుతామంటే, ఆ సీసాలో ఏముందో వాళ్లకూ తెలిసి ఉండకపోవచ్చు.